మూడో బట్టీ పొగగొట్టం

వెర్నా,

నువ్వు నాతో మాట్లాడి రెండేళ్లయింది. నా మాట విని నీ పొదుపంతా మా ఊరి పింగాణీ కంపెనీ షేర్లలో పెట్టి పోగొట్టుకున్నావు, కనుక నీ కోపం న్యాయమే. అయినా ఈ ఉత్తరం చింపకుండా చదువు.

వేసవంతా నాలుగు బట్టీలూ మండుతున్నాయని కంపెనీ మనకు ప్రకటన పంపింది గదా, అది నమ్మే షేర్లు కొన్నాం. అది అబద్ధమని షేర్లలో నష్టపోయినవాళ్లం దావా వేస్తే, ఏ రోజు ఏ బట్టీ ఆరిందో చెప్పలేదని జడ్జి ఒకసారి కొట్టేశారు. సవరించి వేయడానికి ఒక్క అవకాశమే మిగిలింది.

అప్పుడు మా లాయరు ప్రూయిట్ మా వరండాలో కాఫీ తాగుతూ నా పిట్టల నోటుబుక్కు తిరగేసింది. నేను రోజూ పిట్టల్ని లెక్కపెడతానని నీకు తెలుసు. మా ఆవిడ బతికుండగా, తన పుట్టినరోజు తప్ప అన్ని తేదీలూ అందులో ఉన్నాయని దెప్పేది.

"ఇదేంటి పెద్దాయనా, జూన్ మూడున మూడో బట్టీ పొగగొట్టంలో గూళ్లా?"

"పొగగొట్టాల్లోనే గూడు కట్టే జాతమ్మా అవి. ఆగస్టు దాకా పిల్లల్ని పెంచాయి."

"మండే బట్టీ మీదా?"

రోజూ రాసుకున్న నాకే అంతవరకూ ఆ సంగతి తట్టలేదు. ఆ తేదీలు పెట్టి దావా సవరించి వేశాం.

నిన్న కోర్టులో కంపెనీ లాయరు, "పిట్టలు కూడా సాక్ష్యం చెబుతాయాండీ?" అని నవ్వాడు. జడ్జి నవ్వలేదు.

"తేదీ ఉంది, బట్టీ నంబరు ఉంది. ఆ పొగలో పిల్లలెలా బతికాయో మీరే చెప్పండి" అన్నారామె.

కేసు కొట్టేయాలన్న అతని వాదన తోసేశారు. మన కేసు నిలబడింది.

వచ్చే వాయిదాకు నిన్ను నేనే కారులో తీసుకెళ్తాను. కోర్టున్న కొలంబస్‌కు మూడు గంటల దారి. రెండేళ్ల తిట్లకు సరిపోతుంది.

నీ అన్న