బావగారూ, మీరు ఏ పేజీ?

జనవరి 6

ఫుట్‌బాల్ క్లబ్ కార్యదర్శిగారికి,

నమస్కారం. ఇక్కడ నేను, నా సెలూను, రెండు కుర్చీలూ క్షేమం. అక్కడ మీరూ మైదానమూ క్షేమమని తలుస్తాను.

క్లబ్ పుట్టి డెబ్బై ఐదేళ్లయిన సందర్భంగా ‘మాజీ ఆటగాళ్లు, వారి ఆట జీవితం’ అనే పుస్తకం వేస్తున్నారట. అందులోని పేర్లన్నీ పేజీ నంబర్లతో సహా ఆదివారం పేపర్లో వచ్చాయని మా వియ్యంకుడుగారు చెప్పారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఏది చదివినా స్కేలు పెట్టి లైను లైనూ చదువుతారు. రెండు వందల పద్నాలుగు పేర్లూ అలాగే చదివి, పేపరు మడిచి, గడ్డానికి నురగ రాయించుకుంటూ అద్దంలో నావైపు చూసి, “బావగారూ, మూడుసార్లు చూశాను. మీరు ఏ పేజీ?” అన్నారు.

సార్, నా కుర్చీల వెనక గోడమీద ముప్పై ఏడేళ్లుగా ఒక బోర్డుంది. ‘క్లబ్ మాజీ ఆటగాడి సెలూను’ అని. ఈ ఊళ్లో నాకంటే బాగా కత్తిరించేవాళ్లు ఇద్దరున్నారు. అయినా జనం నా దగ్గరే కూర్చుంటారు. మా అమ్మాయికి ఆ సంబంధం కుదిరిందీ ఆ బోర్డు చూసే. అచ్చులో పొరపాట్లు సహజం. నా పేరు చేర్చండి, చాలు.

ఇట్లు,
మీ మాజీ ఆటగాడు

తా.క.: రుజువుగా జట్టు ఫొటో జత చేశాను. వెనక వరసలో, గోల్‌కీపరు భుజం పక్కన కనిపించే చెవి నాదే.

*

జనవరి 14

సెలూను యజమానిగారికి,

మీ ఉత్తరం, ఫొటో అందాయి.

అచ్చులో పొరపాటు లేదు. అధికారిక మ్యాచ్‌లో మైదానంలో కాలు పెట్టినవారికే ఈ పుస్తకంలో చోటు. మా రిజిస్టర్ల ప్రకారం మీరు మూడేళ్లు రిజర్వు ఆటగాడు. అరవై ఒక్క మ్యాచ్‌లకు బెంచీ మీద కూర్చున్నారు. మైదానంలోకి దిగింది సున్నా. మ్యాచ్‌ల ముందు ఆటగాళ్లకు క్షవరం చేసినట్టు మాత్రం ఇరవై రెండుచోట్ల ఉంది.

ఫొటోను భూతద్దంతో చూశాం. చెవి ఉన్నమాట నిజం. అది ఎవరిదో చెప్పలేం.

తొమ్మిదో అధ్యాయం ‘తోడ్పడినవారు’లో మీ పేరు చేర్చడానికి అభ్యంతరం లేదు.

భవదీయుడు,
కార్యదర్శి

తా.క.: తొమ్మిదో అధ్యాయంలో పేర్లు అక్షర క్రమంలో ఉండవు, చేరిన క్రమంలో ఉంటాయి. మీరు హాఫ్‌టైములో నిమ్మముక్కలు అందించినాయనకూ, మైదానంలో కాకుల్ని తరిమిన కుక్కకూ మధ్య వస్తారు.

*

జనవరి 19

కార్యదర్శిగారికి నమస్కరించి రాయునది,

మీ ఉత్తరం మా వియ్యంకుడుగారి ముందే విప్పడం నేను చేసిన తప్పు. ఆయన నిమ్మముక్కల దాకా చదివి, కుక్క దగ్గర ఆగి, కళ్లజోడు తుడుచుకున్నారు.  

సార్, నేను ఆడాను. మిల్లు జట్టుతో ఆగస్టులో జరిగిన మ్యాచ్‌లో సెకండ్ హాఫ్ అంతా నేనే. తలతో ఒక గోలు కూడా కొట్టాను. రిజిస్టరు రాసినాయన ఆ రోజు రాలేదేమో కనుక్కోండి.

పెద్దవారు, మీకు తెలియనిది కాదు. మీరు ఎప్పుడైనా ఈ ఊరు వస్తే మీకు జీవితాంతం క్షవరం నా బాధ్యత. తల నూనె మర్దనా కూడా. ఈ సంగతి మన మధ్యే ఉండనివ్వండి.

ఇట్లు,
మీ మాజీ ఆటగాడు (బ్రాకెట్లో ఏమీ రాయకండి)

తా.క.: నన్ను కుక్క పక్కన పెడతారు, ఆ ఐదో నంబరువాడికి మాత్రం పేజీకి పేజీ ఇచ్చారు! సొంత గోల్లోకి బంతి తన్ని, క్లబ్‌ను మొదటి డివిజన్ నుంచి రెండో డివిజన్‌కు దింపిన మహానుభావుడు! వాడి కథ నా సెలూనులో రోజుకు రెండుసార్లయినా చెబుతాను. గడ్డం గీసేటప్పుడు మాత్రం చెప్పను. కస్టమరు నవ్వి కదిలితే తెగుతుంది.

*

జనవరి 27

సెలూను యజమానిగారికి,

మిల్లు జట్టుతో ఆగస్టు మ్యాచ్ హాఫ్‌టైములో ఆగిపోయింది. మైదానంలోకి మోకాలిలోతు వరద వచ్చింది. సెకండ్ హాఫ్ జరగలేదు. కాబట్టి మీరు అందులో తలతో కొట్టిన గోలును లెక్కలోకి తీసుకోలేం.

క్షవరం విషయంలో మీ సహృదయానికి కృతజ్ఞతలు. నా జుట్టు రాలడం మొదలై ముప్పై ఎనిమిదేళ్లు, పూర్తయి పాతికేళ్లు.

భవదీయుడు,
కార్యదర్శి

తా.క.: ఐదో నంబరు ఆటగాడు క్లబ్ తరఫున నూట పన్నెండు మ్యాచ్‌లు ఆడాడు. పేజీ 41. మీరు ఆ గోలు కథ కస్టమర్లకు ఎలా చెబుతారో ఉన్నదున్నట్టు రాసి పంపగలరా? రికార్డు కోసం.

*

ఫిబ్రవరి 2

ప్రియమైన కార్యదర్శిగారికి,

మొత్తానికి నా మాటకు విలువిచ్చి ఒకటి అడిగారు. సంతోషం. కథ రాస్తున్నాను.

ఆఖరి మ్యాచ్. వాన. మొహాలన్నీ బురద, ఎవరు ఎవరో వీపుమీది నంబరు చూస్తే తప్ప తెలియదు. స్కోరు సున్నా సున్నా. డ్రా అయినా చాలు, మొదటి డివిజన్‌లో ఉండిపోతాం. డెబ్బై తొమ్మిదో నిమిషంలో ఐదో నంబరువాడు బంతి కోసం దూకి గోలుపోస్టుకు తల కొట్టుకున్నాడు. స్టాండు వెనక్కి మోసుకెళ్లారు. రెండు నిమిషాల్లో లేచి మళ్లీ మైదానంలోకి వచ్చాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎనభై ఎనిమిదో నిమిషంలో అవతలివాళ్లు పొడుగ్గా ఒక బంతి వేశారు. గోల్‌కీపరు “నాదీ, వదిలెయ్!” అని అరిచాడు. వానలో నాకు వినపడలేదు, అంటే వాడికి వినపడలేదు. కుడికాలి లోపలివైపు తగిలి, తడిగడ్డి మీద జారి, మెల్లగా, చాలా మెల్లగా సార్, వెళ్లి గోల్లో పడింది. అంత మెల్లగా వెళ్లే బంతిని వెంటపడి ఆపొచ్చు గదా అనిపిస్తుంది. కాళ్లు కదలవు.

ఇక్కడ కస్టమర్లు పడీపడీ నవ్వుతారు.

అసలు సంగతికొస్తే, నా మోకాలి ఎక్స్‌రే జత చేస్తున్నాను. ఆడకుండానే మోకాలు విరుగుతుందా? మీరే చెప్పండి.

మీ వాడు,
మాజీ ఆటగాడు

తా.క.: మా వియ్యంకుడుగారు పుస్తకావిష్కరణకు ఇరవై మందిని వెంటబెట్టుకుని వస్తానంటున్నారు. “నేను అచ్చులో చూస్తే గాని నమ్మను బావగారూ, నా వృత్తి అలాంటిది” అంటున్నారు. నిన్న మా అమ్మాయి ఫోన్ చేసి, “నాన్నా, నువ్వు నిజంగా ఆడావు గదా?” అని అడిగింది. బోర్డు వైపు చూడకుండా పని చేసుకుంటున్నాను.

*

ఫిబ్రవరి 9

సెలూను యజమానిగారికి,

కథ అందింది. రెండుసార్లు చదివాను.

ఎక్స్‌రే తిరిగి పంపుతున్నాను. మీ మోకాలు ఏప్రిల్లో, మన జట్టు గోలు కొట్టిందని బెంచీ మీదనుంచి ఎగిరి దూకినప్పుడు దెబ్బతిన్నట్టు రిజిస్టరులో ఉంది. ఆ గోలును రిఫరీ తర్వాత రద్దు చేశాడని కూడా ఉంది.

ఒక విషయం. ఆ మ్యాచ్ గురించి పేపర్లలో వచ్చిన ముక్క ముక్కా నా దగ్గర ఉంది. గోల్‌కీపరు అరిచిన మాట ఎందులోనూ లేదు.

ఇంకొక విషయం. ఆ రోజుల్లో క్లబ్‌కు ఉన్నది ఒక్క సెట్టు చొక్కాలే. లోపలికి దిగేవాడు బయటికొచ్చినవాడి చొక్కా విప్పించి తొడుక్కునేవాడు. రిజిస్టరు రాసేవారు నంబరు చూసి రాశారు గాని మనిషిని చూసి రాయలేదు. కాబట్టి ఎవరైనా మరొకరి చొక్కాలో ఆడివుంటే, స్టాంపు కాగితం మీద తేదీ, చొక్కా నంబరు, నిమిషాలు రాసి సంతకం చేస్తే మా కమిటీ ఒప్పుకుంటుంది. కోచ్‌గారు లేరు. ఆనాటి లీగు కూడా లేదు. ఎవరిమీదా ఏ చర్యా ఉండదు. గడువు ఇరవయ్యో తేదీ.

భవదీయుడు,
కార్యదర్శి

తా.క.: కాగితం మీద ఒక గౌరవనీయుడి సాక్షి సంతకం ఉండాలి. రిటైరైన హెడ్మాస్టరు అయితే శ్రేష్ఠం.

*

ఫిబ్రవరి 15

నా పాలిట దేవుడైన కార్యదర్శిగారికి,

మొదట్లో రాయిలా కనిపించారు గాని మీ మనసు వెన్న. మీరే దారి చూపించారు. స్టాంపు కాగితం జత చేశాను. అందులో ఉన్నది అక్షరాలా నిజం.

ఆ రోజు ఐదో నంబరువాడికి దెబ్బ తగిలేసరికే ఇద్దరు ఆటగాళ్లను మార్చేశాం. మూడోవాణ్ని మార్చడానికి రూలు ఒప్పుకోదు. వాడికి స్పృహ లేదు. కోచ్‌గారు స్టాండు వెనకే వాడి చొక్కా లాగి నాకు తొడిగి, మొహానికి రెండు గుప్పిళ్ల బురద పూసి, “నువ్వే వాడివి. లేచి వచ్చావు. ఫో!” అని మెడపట్టి తోశారు. నేను దిగగానే జనం లేచి చప్పట్లు కొట్టారు. నా జీవితంలో నాకు దక్కిన చప్పట్లు అవే సార్. అవీ వాడికోసం.

ఆట అయ్యాక కోచ్‌గారు జట్టంతటిచేతా ఒట్టు వేయించుకున్నారు. సంగతి బయటికొస్తే క్లబ్‌ను లీగులోంచే తీసేస్తారని. మర్నాడు నేను ఊరు వదిలి, ఈ ఊళ్లో కుర్చీ వేసుకున్నాను. చివరి తొమ్మిది నిమిషాలూ నేనే ఆడాను. అది చాలు నాకు.

మా వియ్యంకుడుగారు స్కేలు పెట్టి చదివి, తేదీ చూసి, నంబరు చూసి, సాక్షి సంతకం చేశారు. చేసి, లేచి, నా చెయ్యి పట్టుకుని, “క్షమించండి బావగారూ” అన్నారు. 

కృతజ్ఞతలతో,
మీ మాజీ ఆటగాడు

తా.క.: ఆ గోలు సంగతి కాగితంలో రాయలేదు. మీరూ కదపకండి. ఎలాగూ ముప్పై ఎనిమిదేళ్లుగా ఐదో నంబరువాడి పేరుమీదే ఉంది. పాపం, ఈపాటికి వాడికి అలవాటైపోయి ఉంటుంది. నిమిషాలు నాకివ్వండి, గోలు వాడికుండనివ్వండి.

*

ఫిబ్రవరి 23

మాజీ ఆటగాడుగారికి,

మీ స్టాంపు కాగితాన్ని కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది. అభినందనలు. నన్ను నేను పరిచయం చేసుకోలేదు. ఐదో నంబరువాణ్ని నేనే.

మీరు రాసినది చదివి అలవాటు సంగతి ఆలోచించాను. గోలుపోస్టుకు తల కొట్టుకున్న రెండో రోజు ఆస్పత్రిలో కళ్లు తెరిచాను. కిటికీ బయట జనం నన్ను తిడుతున్నారు. నేను మైదానంలో లేనన్నాను. “తలకు దెబ్బ గదా, గుర్తులేదు పాపం” అన్నారు. డాక్టరు కూడా అదే రాసిచ్చాడు. అప్పటినుంచి ఈ ఊళ్లో నా పేరు ‘సొంతగోలు’. పోస్టుమాన్ ఆ పేరు మీద వచ్చిన ఉత్తరాలు కూడా నాకే ఇస్తాడు. నేను కూరలు తెస్తానన్నా, బిల్లు కట్టి వస్తానన్నా, మా ఆవిడ “మీరు ఎటు వెళ్తారో ఏం నమ్మకం?” అంటుంది. కొన్నేళ్లకు, ఆ గోలు నేనే కొట్టానేమో, నిజంగానే గుర్తులేదేమో అని నాకే అనుమానం మొదలైంది.

పోయిన ఏడు మన గోల్‌కీపరు మంచాన పడి, చివరి రోజున నాతో, “అది నువ్వు కాదురా. బెంచీ మీదివాడు” అన్నాడు. ఎవరో చెప్పేలోపే పోయాడు. ఆ రోజు బెంచీ మీద మిగిలినవాళ్లు ముగ్గురు. అందుకని నేనే కార్యదర్శి పదవికి నిలబడి, ఈ పుస్తకం తలపెట్టి, ఆ ముగ్గురి పేర్లూ కావాలనే వదిలేసి జాబితా పేపర్లో వేయించాను. ఇద్దరు తొమ్మిదో అధ్యాయం చాలన్నారు, కృతజ్ఞతలు కూడా చెప్పారు. ఒప్పుకోనివారు మీరొక్కరే.

మీ కాగితం మా ఆవిడకు చదివి వినిపించాను. వంటగదిలోంచి వచ్చి, నా చేతిలోంచి కాగితం తీసుకుని, తనే మళ్లీ చదివింది. తర్వాత కూరల సంచీ తెచ్చి నా చేతిలో పెట్టింది. మీమీద నాకు కోపం లేదు. ఉండాలని రెండు రోజులు ప్రయత్నించాను. చప్పట్ల గురించి మీరు రాసిన వాక్యం దగ్గర ఆగిపోయాను.

పుస్తకంలో మీ వివరం ఇలా అచ్చయింది:

‘రిజర్వు ఆటగాడు. మ్యాచ్‌లు: 1. నిమిషాలు: 9. గోల్స్: 1 (సొంత గోల్లోకి). ఆ గోలుతో క్లబ్ రెండో డివిజన్‌కు దిగింది. ప్రస్తుతం సెలూను యజమాని.’

ఒక్క అక్షరం కూడా ఎక్కువ రాయలేదు.

ఆవిష్కరణకు తప్పక రండి. మొదటి వరసలో మీకు కుర్చీ వేయించాను. ఈసారి బెంచీ కాదు.

భవదీయుడు,
ఐదో నంబరు

తా.క. 1: ఆ మ్యాచ్ ఉదయం నాకు క్షవరం చేసింది మీరే. తలకు కట్టు విప్పినప్పుడు అందరూ మెచ్చుకున్నది అదొక్కటే.

తా.క. 2: మీ గోలు తీసేశాక నా వివరంలో ‘మ్యాచ్‌లు: 112, గోల్స్: 0’ అని మిగిలింది. మా మనవరాలు చదివి, “తాతయ్యా, అయితే నువ్వు ఒక్కటి కూడా కొట్టలేదా?” అంది. సంగతి ఊళ్లో తెలిసి మూడు రోజులైంది, బజార్లో నన్నెవరూ ఆపి పలకరించడం లేదు. ఈ సంగతి నేను ముందు ఆలోచించలేదు.

తా.క. 3: సాక్షి సంతకం చేసినవారికి ఒక ప్రతి ఉచితంగా పంపాలని మా రూలు. మీ వియ్యంకుడుగారికి నిన్ననే రిజిస్టరు పోస్టులో పంపాను. ఆయన అడిగింది ఏ పేజీ అనే గదా. నలభై ఒకటి. నేను నలభై రెండుకు జరిగాను. ఆయనకు వెతుక్కునే శ్రమ లేకుండా ఆ పేజీలో ఒక స్కేలు పెట్టి పంపాను.