సెల్వి కేసుకు వాయిదా

అమ్మా,

మేకకు నీళ్లు పెట్టేశాను. కుండలో కంబుకూడు ఉంది, మజ్జిగ పోసుకుని తిను. నేను సెల్వి కేసులో సాక్ష్యం చెప్పడానికి మళ్లీ కోవిల్‌పట్టి కోర్టుకు పోతున్నాను.

పోయినసారి అవతలి వకీలు రాలేదు. అంతకుముందు జడ్జి సెలవు. పొద్దంతా వరండాలో నిలబెట్టి, వాయిదా అని పంపేశారు. ఇప్పుడు నేను పనిచేసే అగ్గిపెట్టెల కంపెనీలో మేస్త్రీ, "ఏం కలెక్టరమ్మా, ఈ దినమూ కోర్టేనా?" అని అందరి ముందూ నవ్వుతాడు.

అదంతా ఓర్చుకుంటాను. సెల్వి వాళ్లమ్మ అళగమ్మాళ్ పక్కన కూర్చోవడమే నావల్ల కావడం లేదు. ప్రతిసారీ నాకూ సద్ది కట్టుకొస్తుంది. "నా బిడ్డ కడసారి అరిచెనా పాపా?" అని అడుగుతుంది. "లేదత్తా, పొగకు అప్పుడే మయకం వచ్చి పడిపోయింది" అంటాను.

అది నిజం కాదమ్మా. పని నడుమ ఎవరూ లేచి బయటికి పోకూడదని మా పాత కంపెనీ ముదలాళి సెల్వి పనిచేసే గదికి బయట తాళం వేయించాడు. నిప్పంటుకున్నాక సెల్వి చాలాసేపు తలుపు కొట్టింది. అమ్మా అమ్మా అని పిలిచింది. మేము రాళ్లతో కొట్టినా తాళం ఊడలేదు.

ఈ రోజు నన్ను తప్పక పిలుస్తారట. ఆ అరుపుల సంగతి చెబితేనే ముదలాళికి శిక్ష పడుతుందని మన వకీలు అన్నాడు. అళగమ్మాళ్ ఎదురుగానే చెప్పాలి. మళ్లీ వాయిదా పడితే బాగుండని మొక్కుకుంటున్నాను. అలా మొక్కుకునేదాన్ని అయిపోయాను.

సాయంత్రం అళగమ్మాళ్ ఒక్కతే బస్సు దిగితే మన ఇంటికి పిలుచుకొచ్చి కూర్చోబెట్టు. నన్ను తిడితే అడ్డు చెప్పొద్దు.