మూసేసిన వెంటిలేటర్

భూపాలపల్లి,
అక్టోబరు 9.

ప్రియమైన అక్కకు,

చెల్లెలు మరియమ్మ ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. డోర్నకల్‌లో నువ్వు, బావ, పిల్లలు క్షేమమని తలుస్తాను. క్షేమం అని రాశాను గానీ, అది ఎంతవరకు నిజమో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

ఫోను ఉండగా ఈ ఉత్తరాలేమిటని పోయినసారి వెక్కిరించావు. మా క్వార్టర్ల గోడలు ఎంత పలచనో నీకు తెలియదా? నేనిక్కడ తుమ్మితే పక్కింటి చిలుకమ్మ అక్కడ ‘చిరంజీవ’ అనాలి. అనదులే, శాపం పెడుతుంది. దాని గురించి దానికి వినపడకుండా చెప్పాలంటే రాయడమే దారి.

ప్రియకు దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు. దవాఖానలో డాక్టరమ్మ పిల్ల వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, "ఇంట్ల చెమ్మ ఉన్నదా? గోడలకు బూజు పట్టిందా?" అని అడిగింది. పట్టింది అక్కా. వానలు మొదలైనప్పటి నుంచి ప్రియ మంచం వెనక గోడ మీద మినుములు చల్లినట్టు నల్లటి చుక్కలు. నువ్వు చెప్పినట్టే రెండుసార్లు సున్నం వేశాను. పది రోజులకే ఆ సున్నంలోంచి మళ్ళీ పైకొచ్చింది. "గోడ ఆరకపోతే ఎన్ని మందులు తాపినా గింతే" అంది డాక్టరమ్మ.

ఆ గోడకు అవతల చిలుకమ్మ స్నానాల గది. ఇంకేం కావాలి నాకు! జూన్‌లో బడి బస్సు కోసం పదిమంది ఆడవాళ్ళం నిలబడ్డప్పుడు అది నన్ను ఏమన్నదో నీకు రాశాను కదా. "మరియమ్మా, మీ ఎండు శాపల వాసనకు మా తులసి చెట్టు సుత ఎండిపోయింది" అంది. అందరూ పకపకా నవ్వారు. ప్రియ నా పక్కనే ఉండి తల దించుకుంది. నన్నంటే పడేదాన్నేమో, నా బిడ్డ తల దించుకోవడం మాత్రం మరిచిపోలేదు. ఆ రోజు నుంచి దాని పెరట్లో ఇద్దరం కలిసి కట్టుకున్న తీగ మీద బట్టలు ఆరేయడం మానేశాను. వానాకాలమంతా ప్రియ గదిలోనే తాడు కట్టి ఆరేసుకున్నాను.

ఇక క్వార్టర్ల ఆఫీసులో అర్జీ పెట్టాను. చిలుకమ్మ స్నానాల గదిలో పైపు కారి మా గోడ తడుస్తోందని, నా బిడ్డ ఊపిరి పోతోందని రాశాను. వాళ్ళు పనిలోకి దిగేదాకా వదల్లేదు. ఆ గదిలో బండలన్నీ పగలగొట్టారు. చిలుకమ్మ అత్త, మోకాళ్ళు పట్టేసిన ముసలామె, ఎనిమిది రోజులు చెంబు పట్టుకుని నాలుగో ఇంటికి స్నానానికి నడిచింది. నేను గడపలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చూశాను. నా కళ్ళు చల్లబడ్డాయి. దాచడం దేనికి, నవ్వాను కూడా.

తీరా చూస్తే పైపులో ఏ లోపమూ లేదు. మేస్త్రీ పోశాలు మా ఇంట్లోకొచ్చి, ప్రియ గది గోడకు పాలిథిన్ కవరు పరిచి చుట్టూ టేపు అంటించి పోయాడు. రెండు రోజుల తర్వాత వచ్చి చూపించాడు.

"సూడమ్మా, కవరు ఎనక పొడిగున్నది. నీళ్ళు గిటు దిక్కు పట్టినయి. అంటే గోడల నుంచి వస్తలేవు, మీ ఇంట్ల గాలిలకెళ్ళే వస్తున్నయి. తడి బట్టలు ఇంట్లనే ఆరేస్తిరి. వంటావిరి సుత బయటికి పోవాలె గదా? వంటింట్ల వెంటిలేటర్ లేదా?"

"లేదు" అన్నాను.

అక్కా, ఉంది. మొదటి నుంచీ ఉంది. అది చిలుకమ్మ పెరట్లోకే తెరుచుకుంటుంది. జూన్‌లో అది ఆ మాటన్న మూడో రోజే ఇటుక ముక్కలు పేర్చి, నా చేత్తోనే సిమెంటు పెట్టాను. మా కూర వాసన కూడా దానికి దక్కకూడదనుకున్నాను. ఎలుకలు వస్తున్నాయని మీ మరిదికి చెప్పి, ముందర పప్పు డబ్బాలు పేర్చాను.

పోశాలు వెళ్ళాక కూడా నాలుగు రోజులు తెరవలేదు. తెరిస్తే నేను ఓడినట్టు దానికి తెలిసిపోతుంది. మొన్న ప్రియకు బడిలో ఊపిరి అందలేదు. టీచరమ్మే ఆటోలో తీసుకొచ్చింది. దవాఖానలో ముక్కుకు ఆవిరి మందు పెట్టించి, ఇంటికి తెచ్చి పడుకోబెట్టి, సుత్తి తీసుకుని స్టూలెక్కాను. ఇటుక ముక్క అవతలికి పడింది. చిలుకమ్మ పెరట్లోనే నిలబడి పైకి చూస్తోంది.

"తీసినవా?" అంది.

"నీకు తెలుసా?"

"మా దిక్కే గదా ఉన్నది. నువ్వు మూసిన్నాడే సూసిన. మా బండలు పలగ్గొట్టేటప్పుడు చెప్దామనుకున్న. మా అత్త కుంటుకుంట పోతాంటే నువ్వు నవ్వినవ్. ఇగ చెప్పలే."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నా బిడ్డ దగ్గు ఇనుకుంటనే ఉన్నవ్ గదనే! ఇని సుత ఊకున్నవా?"

"నువ్వు ఇనలేదా?" అని లోపలికి వెళ్ళిపోయింది.

గోడను సబ్బునీళ్ళతో రుద్ది కడిగి, ఫ్యాను పెట్టి ఆరబెడుతున్నాను. బూజు పట్టిన పరుపు పారేశాను. ప్రియను ముందు గదిలో పడుకోబెడుతున్నాను. బట్టలు ఆరేయడానికి వాకిట్లో తీగ కట్టించాను. ఎండు చేపలు పంపనా అని అడిగావు. పంపు. ఆ వెంటిలేటర్ కిందే వేయించకపోతే నా పేరు మరియమ్మ కాదు. దాన్ని నేను క్షమించలేదు. ఈ సంగతి పాస్టరుగారికి చెప్పకు.

కానీ అది అడిగినదానికి జవాబు నా దగ్గరుంది. దానికి ఎప్పటికీ చెప్పను, నీకు చెబుతున్నాను. విన్నాను అక్కా. ఆ సిమెంటు వైపు చూస్తూనే రోజూ విన్నాను.

ఇట్లు,
నీ మొండి చెల్లెలు
మరియమ్మ