తలుపు కింద మెట్టు

చిరంజీవి అనంతకృష్ణకు,

కోటవురట్లకు నువ్వు తిప్పే వ్యాన్ మార్చావు. ఓనర్లందరూ ఈ కంపెనీ బండినే ఎందుకు కోరుకుంటారో నిన్న ఫోన్‌లో వివరించావు. స్పేర్ పార్టులు నర్సీపట్నంలోనే దొరుకుతాయి, ఏ మెకానిక్కైనా బాగుచేస్తాడు, ఎత్తు ఎక్కువ కనుక గోతుల్లో అడుగుభాగం తగలదు. అన్నీ నిజమే. అందులో ఎక్కేవాళ్ళ మాట ఒక్కటీ లేదు.

పాత వ్యాన్ నేలకు దగ్గరగా ఉండేది. మూడేళ్ళుగా ప్రతి గురువారం ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి, కోటవురట్లలో పదో తరగతి ఆడపిల్లలకు ఇంగ్లీషు చెప్పి వచ్చేదాన్ని. మొన్న కొత్త వ్యాన్ ముందు నిలబడిపోయాను. నీ డ్రైవర్ మణి, "బేగి ఎక్కండి మామ్మగారూ, టైమైపోతంది" అంటూనే నడుం పట్టుకుని ఎత్తి లోపల పెట్టాడు. "బియ్యం బస్తా కన్నా తేలికేనండోయ్!" అన్నాడు. అందరూ నవ్వారు.

అతను సాయమే అనుకున్నాడు. "ఇకమీద కూడా మణి ఎక్కిస్తాడు మేడమ్" అని నువ్వూ అన్నావు. నాకు మణి అక్కర్లేదు. తలుపు కింద ఒక ఇనుప మెట్టు కావాలి. వెల్డింగ్ షాపులో గంట పని.

గురువారానికి మెట్టు లేకపోతే రెండు ఆటోలు మారైనా వెళ్తాను. నీ వ్యాన్‌లో సరుకుగా మాత్రం ఎక్కను.

ఇంటర్‌లో నీకు పాఠం చెప్పిన
మేడమ్