పరమేష్ ఫైలు హోల్డులో ఉంది

ఈ డైరీని ఎప్పుడైనా తనిఖీ చేయగోరు అధికారులకు, వారి పై అధికారులకు, వారికంటే పైన ఎవరైనా ఉంటే వారికి సవినయంగా మనవి. ఇందులోని సంగతులు సంస్థ అభిప్రాయాలు కావు. సంస్థకు అభిప్రాయాలు లేవు, టార్గెట్లు ఉన్నాయి. నోటుపుస్తకం నా సొంతం. పెన్ను మాత్రం డిపార్టుమెంటుదని ముందుగానే ఒప్పుకుంటున్నాను.

జూలై 7, సోమవారం

కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి నాలుగో అంతస్తులో కూర్చుని మనుషుల జబ్బులకు నంబర్లు వేయడం నా ఉద్యోగం. మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి బద్వేలు నుంచి వచ్చినందుకు, మెదడుకూ వెన్నుపాముకూ సోకే వైరస్ జబ్బులు నా వాటాకు వచ్చాయి. A80 నుంచి A89 వరకు నా ఇలాకా. అందులో A86 అందరికీ ప్రియమైనది. వైరస్ ఏదో పేర్కొనని మెదడువాపు అని దాని అర్థం. అది వేస్తే డాక్టరుకు శ్రమ లేదు, ఇన్సూరెన్సు వారికి సందేహం లేదు, ఆడిటరుకు ప్రశ్న లేదు. వైరస్‌కు అభ్యంతరం ఉన్నట్టు కూడా ఇంతవరకు తెలియరాలేదు.

వాన లేదు. ఏసీ కూడా లేదు.

జూలై 8

పరమేష్ ఫైలు వచ్చింది. బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టే మనిషి, ముప్పై నాలుగేళ్లు. జ్వరం, కాళ్లు పడిపోవడం, తర్వాత స్పృహ తప్పడం. ఇక లాభం లేదని అతని అన్న అతన్ని ఇంటికి తీసుకుపోయాడు. దారిలోనే ప్రాణం పోయింది.

డిశ్చార్జి సమ్మరీలో వైరల్ మెదడువాపు అని ఉంది. దాని కింద ‘జంతువు కాటు లేదు’ అని ఉంది. ఆ వాక్యాన్ని ఎవరూ రాయరు. టెంప్లేటులో ముందే ఉంటుంది. కాటు ఉంటే డాక్టరు దాన్ని తీసేయాలి. తీసేసిన సందర్భం నా సర్వీసులో చూడలేదు.

నర్సు జ్ఞానమణి నోట్సులో మరో సంగతి ఉంది. చేర్చుకున్నప్పుడు డాక్టరుకు జవాబులు చెప్పింది అన్న. అతనికి ఏమీ తెలియదు. మర్నాడు భార్య సుంకులమ్మ నర్సుతో చెప్పింది: కొన్నాళ్ల కింద, ఫ్యాక్టరీలో అందరూ పెంచుకునే కుక్కపిల్ల తమ కూతురు శివానిని కరిచింది, విడిపించబోయిన పరమేష్ చేతినీ కరిచింది. బండల పొడి అద్ది గుడ్డ కట్టుకున్నారు. తర్వాత కుక్కపిల్ల చచ్చిపోయింది.

నిబంధన ప్రకారం నర్సు రాసినదాన్ని బట్టి జబ్బుకు కోడ్ వేయరాదు. డాక్టరే రాయాలి. రేబీస్ అన్న మాటను నేను డాక్టరుకు సూచించనూ రాదు. అది లీడింగ్ క్వెరీ, అంటే జవాబును నోటికి అందించే ప్రశ్న అవుతుంది.

శివానికి ఆరేళ్లు. ఆ పాపకు సూదులు వేయించమని సమ్మరీలో ఎక్కడా లేదు.

అదే రోజు, సాయంత్రం 4 గంటలు

క్వెరీ పంపాను. ‘రికార్డులో కాటు విషయమై పరస్పర విరుద్ధమైన సమాచారం కలదు. దయచేసి స్పష్టపరచగలరు.’

జూలై 9

డాక్టరు గారి జవాబు వచ్చింది: ‘నోటెడ్.’

జూలై 10

సమ్మరీ రాసిన డాక్టర్ శివశంకర్ గారి ఓపీకి స్వయంగా వెళ్లాను. ఆయన చెడ్డవారు కారు, అలసినవారు. ఏమప్పా, ల్యాబుకు శాంపిలే పంపల్యా, నన్నేమని రాయమంటావు అన్నారు. మనిషే పోయినాక ఏ పురుగైతే ఏముండాది, నీ కాడుండే నంబరేదో వేసుకోపో అన్నారు. పాప సంగతి ఎత్తబోయేలోగా తర్వాతి పేషెంటు తన స్కాన్ ఫిల్మును ఆయన చేతిలో పెట్టాడు.

పైకి వచ్చేసరికి మా టీమ్ లీడ్ కళ్యాణ్ ఎదురుచూస్తున్నాడు. యో రామకృష్ణా, ఆ ఒక్క ఫైలు పట్టుకోని ఊగుతాండావు, దానికేమన్నా పెండ్లి చేస్తాండావా అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు టీమ్ స్పిరిట్ కింద లెక్కకు వస్తుంది.

జూలై 11

A86 అని టైపు చేశాను. సబ్మిట్ నొక్కలేదు.

జూలై 14

జ్ఞానమణి మెట్లెక్కి వచ్చింది. సుంకులమ్మ ఫోన్ చేసిందట. ఇంటికి పోయేటప్పుడే జ్ఞానమణి ఆమెకు పాప సూదుల సంగతి చెప్పింది. ఆమె పాపను దగ్గర్లోని ఒక క్లినిక్కుకు తీసుకుపోయింది. గాయం ఎప్పుడో మానిపోయింది. అక్కడి డాక్టరు మా సమ్మరీ చదివి, పెద్దాసుపత్రోళ్లే కాటు లేదని రాసినారు కదమ్మా, బిడ్డను ఊరికే పొడిపిస్తావా అని పంపేశాడట. మా వాక్యాలకు అంత దూరం గౌరవం ఉందని నాకు తెలియదు.

పాపను కర్నూలుకు తీసుకురమ్మంటే, నా మొగున్ని పిల్చుకపోయిన ఆసుపత్రికి బిడ్డను పిల్చుకరాను అని సుంకులమ్మ ఏడ్చిందట. నా మాట కంటే ఆ కాగితమే పెద్దదయ్యింది సార్, కాగితాలు మీయే కదా, మీరే మార్పియ్యండి అంది జ్ఞానమణి. కూర్చోమన్నా కూర్చోలేదు.

జూలై 15, ఉదయం 10 గంటలు

నాకున్న అధికారం ఒక్కటే. సమ్మరీకీ నోట్సుకూ పొంతన లేని ఫైలును నేను హోల్డులో పెట్టవచ్చు. పెడితే క్లెయిము కదలదు. ‘కాటు విషయం తేలనందున బిల్లు నిలుపుదల’ అని కారణం రాసి, పరమేష్ ఫైలును హోల్డులో పెట్టాను.

ఉదయం 11 గంటలు

పాప ప్రాణానికి రాని కదలిక బిల్లుకు వచ్చింది. బిల్లింగు వారు ఫోన్ చేశారు. కళ్యాణ్ తల పట్టుకున్నాడు. డాక్టర్ శివశంకర్ గారు నాలుగో అంతస్తుకు ఎక్కి వచ్చి, ఏందప్పా నీ బాధ అన్నారు. జ్ఞానమణి నోట్సు తెరిచి ముందు పెట్టాను. ఏమీ సూచించలేదు.

నాలుగు పంక్తులే. చాలాసేపు చదివారు. కుక్క కరిచిన బిడ్డ కూడా ఉండాదా అని అడిగారు.

నిలబడే సమ్మరీకి అడెండం, అంటే చేర్పు, రాశారు: కుక్కకాటు ఉన్నది. బహుశా రేబీస్. కూతురికి వెంటనే టీకా, ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇవ్వాలి. వార్డులో చేర్చుకున్న పేషెంటు విషయంలో డాక్టరు ‘బహుశా’ అన్నా మాకు చాలు. రేబీస్ కోడ్ A82.9 వేశాను. ఆయన ఆ క్లినిక్కు నంబరు కనుక్కుని నా ఫోన్ నుంచే మాట్లాడారు. కాగితం తప్పప్పా, తప్పు మాదే, ఆ బిడ్డను ఇంటినుంచి పిలిపించి ఇప్పుడే వెయ్యి అన్నారు. పోతూ పోతూ, ఆ టెంప్లేటులో లైను తీసేయించు అని కళ్యాణ్‌కు చెప్పారు. నోట్ చేసుకుంటానన్నాడు కళ్యాణ్.

జూలై 16

ఫైళ్ల కదలికకు అంతరాయం కలిగించినందుకు నాకు మెమో ఇచ్చారు. వివరణ కోరారు. ‘నోటెడ్’ అని రాసి పంపాను.

ఆగస్టు 12

శివానికి చివరి సూది అయిపోయిందని జ్ఞానమణి చెప్పింది. పాప ఏడవలేదట. ఫ్యాక్టరీ కాడ ఇంకో కుక్కపిల్ల ఉండాది, దానికీ వేస్తారా అని డాక్టరును అడిగిందట. ఆలస్యంగా మొదలైన సూదులు కనుక, ఇక భయం లేదని ఎవరూ రాసివ్వరు.

సంబంధిత అధికారులకు, వారికంటే పైన ఉన్నవారికి:

డిమాండు నం. 1. శివాని ప్రస్తుత కోడ్ Z20.3. రేబీస్ సోకి ఉండవచ్చునన్న అనుమానం అని దాని అర్థం. ఆమెను కడదాకా ఆ కోడ్‌లోనే ఉంచవలెను. A82కు బదిలీ చేయరాదు.

డిమాండు నం. 2 లేదు.

జవాబు అక్కరలేదు. రాకపోతే మంజూరైనట్టే భావిస్తాను.