ఒక్క సైటుకే పర్మిషన్

గోదావరిఖని,
మంగళవారం

ప్రియమైన బుష్రా,

ఫోన్‌లో చెబితే మా క్వార్టర్‌లో అన్ని గదులకూ వినబడుతుంది, అందుకే ఉత్తరం. కాసిపేటలో నీ బడి, నీ పిల్లలు బాగున్నారనుకుంటాను. నేనిక్కడ ఒక పని దాచి చేస్తున్నాను. ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. శుక్రవారం ఇంటి నుంచే, కంప్యూటర్‌లో వాళ్లు చూస్తుండగా, డెమో క్లాసు చెప్పాలి. కట్టుకున్న ఉపేందర్‌కు కూడా చెప్పలేదు.

ఎందుకు దాచానో నీకొక్కదానికే చెబుతున్నాను. పోయిన రెండుసార్లు ఉద్యోగం రానప్పుడు ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అత్తమ్మ నాకిష్టమని సర్వపిండి చేసింది. మామయ్య "ఫికర్ చెయ్యకు బిడ్డా" అన్నారు. ఉపేందర్ డ్యూటీ నుంచి వస్తూ మల్లెపూలు తెచ్చాడు. తిడితే తట్టుకునేదాన్ని. ఆ జాలి చూపులకు బాత్రూంలో నల్లా తిప్పి ఏడ్చాను. ఈసారి ఓడిపోతే ఎవరికీ తెలియకుండా ఓడిపోవాలనుకున్నాను.

కానీ కంప్యూటర్ మొరాయిస్తోంది. మామయ్య గనిలో ఎలక్ట్రీషియన్‌గా రిటైరైన దగ్గర్నుంచి దాన్ని చూసుకునేది ఆయనే. నేను బడి వాళ్ల పేజీ తెరిస్తే "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అని వస్తోంది. నెట్ సెంటర్ అతన్ని అడిగితే సెక్యూరిటీ మొత్తం తీసేయమన్నాడు. రేపు మామయ్య బజారుకు వెళ్లగానే తీసేస్తాను. నా కోసం దువా చెయ్యి.

నీ దీప


గోదావరిఖని,
సోమవారం

బుష్రా,

ముందు చివరి లైను చదివే మనిషివి నువ్వు, అందుకే మొదట్లోనే చెప్పేస్తున్నాను: ఇవాళ పొద్దున బడి వాళ్లు ఫోన్ చేశారు, ఉద్యోగం వచ్చింది. జూన్ నుంచి ఏడో తరగతి నాది. ఇక తీరిగ్గా చదువు.

బుధవారం మామయ్య బయటికి వెళ్లగానే కూర్చున్నాను. సెట్టింగులు తెరిచానో లేదో, వెనక నుంచి గొంతు.

"ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

ఎండకు తలకు చుట్టుకునే తువ్వాల మరిచిపోయి తిరిగొచ్చారు. అబద్ధం చెప్పబోయి మొత్తం చెప్పేశాను, ఓదార్పులు భరించలేనన్న సంగతితో సహా. ఆయన కుర్చీ లాక్కున్నారు.

"ఓదార్చం తియ్యి. అసలు అడగనే అడగం. కాని సెక్యూరిటీ మొత్తం తీసేస్తవా? ఫ్యూజు ఊకె పోతాందని లావు తీగ చుట్టేటోళ్లుంటరు. బల్బు ఎలుగుతది, ఇల్లు కాలుతది. ముందుగాల అది ఎందుకు ఆపుతాందో చూద్దాం."

తెర మూలన తేదీ చూసి ఆయనే నవ్వారు. అక్కడ ఏళ్ల కిందటి సంవత్సరం ఉంది. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయిందట. తేదీ తప్పితే మంచి సైటు కూడా కంప్యూటర్‌కు అనుమానంగానే కనిపిస్తుందట. బ్యాటరీ మార్చి తేదీ సరిచేయగానే హెచ్చరిక పోయింది. ఈసారి బ్రౌజర్ పాతదని వచ్చింది. అప్‌డేట్ చేశాం. పేజీ తెరుచుకుంది కానీ, నా ముఖం ఉండాల్సిన చోట నల్లటి డబ్బా. కెమెరాకూ మైకుకూ పర్మిషన్ లేదు. అడ్రస్ పక్కన చిన్న గుర్తు నొక్కి చూపించారు.

"గీ ఒక్క సైటుకే ఇయ్యి. అందరికీ ఇయ్యకు."

తెర మీద నేను, నా వెనక మామయ్య బట్టతల. ఇద్దరం నవ్వాం.

శుక్రవారం రొట్టె ముక్కలు చేసి భిన్నాలు చెప్పాను. బాగా చెప్పానని నాకే తెలిసింది. బయటికి వచ్చేసరికి అత్తమ్మ బెండకాయలు తరుగుతోంది, మామయ్య పేపర్ చదువుతున్నారు, ఫస్టు షిఫ్టు నుంచి వచ్చిన ఉపేందర్ గోడ చూస్తున్నాడు. మామయ్య వాళ్లకు విషయం చెప్పి, ఎవరూ ఏమీ అడగొద్దని ఒట్టు వేయించుకున్నారట.

"ఎండ మస్తున్నది," అన్నాడు ఉపేందర్.

"ఔ, మస్తున్నది," అంది అత్తమ్మ.

అన్నం తిన్నాం, ఛాయ్ తాగాం. ఎండ గురించి ఇంకో రెండుసార్లు మాట్లాడారు. సాయంత్రానికి ఇక నావల్ల కాలేదు.

"ఎవరన్న అడుగుండ్రి!" అని అరిచాను.

అత్తమ్మ చేతిలో గిన్నె అక్కడే పెట్టేసి వచ్చి నా ఒళ్లో చెయ్యి వేసి కూర్చుంది. "చెప్పు బిడ్డా, జల్ది చెప్పు. అడగక అడగక పొద్దుగాల్నుంచి నా కడుపు ఉబ్బుతాంది. మొదటికెల్లి చెప్పు."

మొదటి నుంచీ చెప్పాను.

నీ
దీప టీచర్