పిల్లికి పెట్టిన కలంపేరు

ఇస్ఫరా,
ఏప్రిల్ 9.

చిరంజీవి అస్రోర్‌కి అమ్మ దీవెనలు.

ఇక్కడ నేను క్షేమం. పొయ్యి క్షేమం, పెరట్లో ఖుబానీ చెట్టు క్షేమం. ఈసారి పూత మీద మంచు పడలేదు. దుషాన్‌బేలో నువ్వూ మంజురా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా మోకాలి సంగతి అడిగావు. మోకాలు బాగానే ఉంది, మెట్లే బాగా లేవు. మంజురా పంపిన శాలువా అందింది. ఆ రంగు కప్పుకుంటే పదేళ్ళు తగ్గానని పక్కింటావిడ అంది. ఆవిడకి చూపు ఆనదు, అయినా సంతోషించాను.

మీ ప్రెస్సులో నాన్న గజళ్ళ పుస్తకం వేస్తానని, ఆయన నోటుపుస్తకాలు పంపమని మూడు ఉత్తరాల నుంచి అడుగుతున్నావు. ఆ సంగతికి వస్తాను. ముందు పిల్లి.

వాడు వచ్చి నెలయింది. మగపిల్లి, బూడిద రంగు, ఒక చెవి సగం ఏ కొట్లాటలోనో పోయింది. గోడ దూకి వచ్చి, ఇల్లు తనదే అయినట్టు నా పరుపు మీద పడుకున్నాడు. 'మనది కవిగారి ఇల్లు, సాహిత్యం ఉట్టిపడే పేరు పెట్టమ్మా' అని నువ్వు జాబితా పంపావు. కలం అన్నావు. కలం మనం తిప్పినట్టు తిరుగుతుంది, వీడు తిరగడు. సిరా అన్నావు. బూడిద మొహం వాడికి సిరా ఏమిటి? మంజురా గజల్ అంది. గజల్‌కి లయ ఉంటుందని చెప్పు. వీడు గొంతెత్తితే వీధి కుక్కలే సందు మారిపోతాయి.

పేరు పెట్టేశాను. నోఖోందా.

ఎగిరిపడకు. ఉత్తరం చివరిదాకా చదివి అప్పుడు కోప్పడు. అది మీ నాన్న కలంపేరని, ప్రతి గజల్ చివరి చరణంలో మకుటంలా ఆ పేరే ఉంటుందని నాకు తెలీదా? కావాలని పెట్టలేదు. వాడు గోడ మీంచి దూకినప్పుడు 'వచ్చావా నోఖోందా' అని నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. వాడు వెనక్కి తిరిగి చూశాడు. అంతే.

పోయిన శుక్రవారం మగవాళ్ళ కూటం పక్కింటి ఘఫూర్ వంతు. నెలకో ఇంట్లో చేరి పలావు తిని గజళ్ళు చదువుకోవడం వాళ్ళు ఇంకా మానలేదు. మనవాడు గోడ దూకి, పళ్ళెం మధ్యలోని మాంసం ముక్క నోట కరిచాడు. నేను ఇటునుంచి 'ఒరేయ్ నోఖోందా, దొంగవెధవా!' అని కేకేశాను. అవతల పన్నెండుమందీ విన్నారు.

మర్నాడు పొద్దున్నే ఘఫూర్ వచ్చి నిలబడ్డాడు.

"వదినా, నిన్న పిల్లిని ఏమని పిలిచారు?"

"విన్నావుగా."

"అది మా హబీబుల్లో అన్న పేరు! ముప్ఫయ్యేళ్ళు ఈ ఊళ్ళో గజల్ అంటే ఆ పేరే. పోయిపోయి మాంసం దొంగకి పెడతారా?"

"ముక్క అందేచోట పెట్టుకుని పిల్లిని అంటావేం?"

"మాట మార్చకండి. ఆ పేరు ఇంకొకరికి ఇవ్వడానికి మీరెవరు?"

"పేరు నాది కాబట్టి ఇచ్చాను" అన్నాను. "నేను పెట్టుకున్నది. ఒకప్పుడు మీ అన్నకి ఇచ్చాను. ఇప్పుడు పిల్లికి ఇచ్చాను."

ఘఫూర్ టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, టీ తాగకుండా వెళ్ళిపోయాడు. వాడు మనింట్లో టీ వద్దనడం నా కాపురంలో ఇదే మొదలు. వాడు నీకు ఫోన్ చేసేలోగా ఈ ఉత్తరం చేరాలని రాస్తున్నాను.

నాయనా, ఆ గజళ్ళు నావి. అన్నీ.

నువ్వే ఆలోచించు. నోఖోందా అంటే పిలవని అతిథి. మీ నాన్నని పిలవకుండా ఇస్ఫరాలో ఏ పెళ్ళి జరిగింది? ఆ కూటానికి పిలుపు లేనిది ఎవరికి? వంటింట్లో క్యారెట్లు తరుగుతూ, గోడవతల గజళ్ళకి చెవి ఒగ్గి కూర్చున్నది ఎవరు?

పెళ్ళయిన ఏడాది మొదటి గజల్ రాసి ఆయన కోటు జేబులో పెట్టాను. మురిసిపోయి, ఆగలేక, కూటంలో చదివేశాడు. వాళ్ళు ఆయనదే అనుకుని కౌగలించుకున్నారు. ఇంటికొచ్చి "రేపే నిజం చెప్పేస్తాను షరోఫత్" అన్నాడు. నేనే వద్దన్నాను. ఇంట్లో మీ నానమ్మ ఉంది. కోడలు ప్రేమ గజల్ రాసిందంటే ఎవడి మీద అని అడుగుతారు, కొడుకు రాస్తే శభాష్ అంటారు. ఆయన ఏటేటా చెప్తాననేవాడు, నేను ఏటేటా ఒట్టు వేయించేదాన్ని. ఆయన దొంగ కాదు. భయం నాది. అది మాత్రం గుర్తుపెట్టుకో.

పైగా దానికి శిక్ష ఆయనే పడ్డాడు పాపం. గజళ్ళలో ప్రేమించిన మనిషి భుజం మీద పుట్టుమచ్చని పొగిడాను కదా. నాకు పుట్టుమచ్చ లేదని హమామ్‌లో కలిసి స్నానం చేసే ఆడవాళ్ళందరికీ తెలుసు. లెక్కల మాస్టారైన మీ నాన్నకి ఇంకెవర్తో ఉందని ఊరంతా చెవులు కొరుక్కుంది. మీ నానమ్మ చీపురు పట్టుకుని "ఎవర్తిరా అది?" అని వాకిలంతా తరిమింది. ఆయన నవ్వుతూ పరుగెత్తాడే గానీ నోరు విప్పలేదు. ఆ మచ్చ ఎవరిదో నీకు నేను చెప్పాలా? చిన్నప్పుడు ఆయన భుజమెక్కి, ఈగ అనుకుని ఫట్‌మని కొట్టేవాడివి.

ఇప్పుడు నాకు అత్తగారు లేదు, భయమూ లేదు. పుస్తకం మీద షరోఫత్ నోఖోందా అని వెయ్యి. అడగడం లేదు, చెప్తున్నాను. మొదటి పేజీలో నాన్న ఫొటో ఉండాలి. ఏటి ఒడ్డున చొక్కా లేకుండా తీయించుకున్నది వెయ్యి, భుజం కనపడాలి.

నోటుపుస్తకాలు పార్సిల్లో పంపాను. 'ఎవరు నమ్ముతారమ్మా, మతి పోయిందంటారు' అని నువ్వు బెంగపడతావు. నీ సంగతి నాకు తెలుసు. అందుకే అన్నిటికన్నా పైన చిన్న పుస్తకం పెట్టాను. అందులో పదకొండు గజళ్ళున్నాయి, మీ నాన్న పోయాక ఈ మూడేళ్ళలో రాసినవి. అవీ ఆయనవే అంటే, శ్మశానానికి వెళ్ళి అడిగి రమ్మని ఘఫూర్‌తో చెప్పు.

మొదటిది ఆయన పోయిన నలభయ్యో రోజున రాశాను. నేనేం రాసినా ముందు వినేది ఆయనే. పీట మీద కూర్చుని, కళ్ళు మూసుకుని వినేవాడు. అయ్యాక, "ఊఁ, మళ్ళీ చదువు" అనేవాడు. ఇది ఇంతవరకూ ఎవరూ వినలేదు. నీది ఆయన గొంతే. పార్సిల్ అందగానే మంజురాని పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదువు. రెండుసార్లు చదువు.

ఇట్లు,
నీ అమ్మ,
షరోఫత్